కుక్కపిల్ల ఎలుకల మందు కొరికింది, చూడటానికి బాగానే ఉంది. ఆస్పత్రికి వెళ్లాలా, ఉదయం దాకా ఆగాలా?

వెన్నెల_కాకినాడ
మూడున్నర నెలల లాబ్రడార్ పిల్ల, పేరు సున్నుండ. మేము అద్దెకు ఉంటున్న ఇంటి మెట్ల కింద ఎలుకల మందు పెట్టించారట, మాకు చెప్పలేదు. ఇందాక అక్కడి నుంచి మూతి నాక్కుంటూ వచ్చింది. టార్చి వేసి చూస్తే పచ్చటి మైనపు బిళ్ల ఒకటి సగానికి పైగా కొరికేసి ఉంది, అంచు మీద సన్నటి పళ్ల గాట్లు. గంట లోపే జరిగి ఉంటుంది, అంతకు ముందంతా నా దగ్గరే ఉంది. ఇప్పుడు మామూలుగా ఆడుతోంది, నీళ్లు తాగింది. వాంతి లేదు, నురగ లేదు. మా దగ్గరి పశువుల ఆస్పత్రి మూసేశారు. పక్కింటివారు ఉప్పునీళ్లు పట్టించమంటున్నారు, మావారు ఉదయం దాకా చూద్దామంటున్నారు. నాకు చేతులు ఆడటం లేదు. ఏం చేయాలో త్వరగా చెప్పండి.

ఓరుగల్లు_వాసి
ఉదయం దాకా ఆగవద్దు. రాత్రి తెరిచి ఉండే చోటు ఏదో ఇప్పుడే కనుక్కోండి. మందు అట్టపెట్టె గానీ కవరు గానీ దొరికితే వెంట తీసుకెళ్లండి.

బాపట్ల_బామ్మ
మా ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు కుక్కలు ఉండేవి. తినరానిది ఏదైనా తింటే చింతపండు పులుసులో ఉప్పు కలిపి గొంతులో పోసేవాళ్లం, కక్కేసేవి. వాంతి అయితే విషం బయటికి వచ్చినట్టే కదా. రాత్రివేళ డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? ముందు ఆ పని చూడమ్మా.

డెల్టా_రైతు
బామ్మగారూ, ఉప్పునీళ్లు వద్దు. మా ఊళ్లో ఉప్పునీళ్లు పట్టించిన కుక్కకు మూర్ఛలు వచ్చాయి. తిన్న మందు కన్నా ఆ ఉప్పే దాని మీదికి తెచ్చిందని డాక్టరు చెప్పారు.

వెన్నెల గారూ, ఎలుకల మందు అంటే ఒకటి కాదు. పచ్చ, నీలం రంగు మైనపు బిళ్లలైతే చాలావరకు బ్రోమడయోలోన్. నల్లగా, బూడిద రంగులో ఉండే పొడి జింక్ ఫాస్ఫైడ్, దాన్ని నూకల్లో నూనెతో కలిపి పొలం గట్ల మీద పెడతాం. టూత్‌పేస్టు ట్యూబులాగా ఉండేది పసుపు భాస్వరం. మూడూ మూడు రకాలుగా చంపుతాయి, వైద్యం కూడా వేరు. రంగు చూసి ఇదే అనుకోవద్దు, కవరు మీద పేరు చదవండి.

పశువైద్యం_గన్నవరం
వెన్నెల గారూ, ఇది చదివిన వెంటనే బయలుదేరండి. మిగతా వివరం దారిలో చదువుకోవచ్చు.

మిగిలిన బిళ్ల ముక్కను చేతికి కవరు తొడుక్కుని ఒక డబ్బాలో వేయండి. ఇంటి యజమానికి ఫోను చేసి పెట్టె మీద ఏమి రాసి ఉందో ఫోటో పంపమనండి. మొత్తం ఎన్ని బిళ్లలు పెట్టారో, ఎక్కడెక్కడ పెట్టారో అడగండి, ఎందుకంటే మీకు కనిపించిన సగమే అది తిన్నదని చెప్పలేం. పిల్ల బరువు తెలియకపోతే దాన్ని ఎత్తుకుని తూకం యంత్రం ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా రాసుకోండి. ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, బరువెంత. ఈ నాలుగూ చెబితే డాక్టరు ఒక్క నిమిషం కూడా వృథా చేయరు.

ఇప్పుడు అది ఆడుతోంది కాబట్టి ఏమీ కాలేదనుకోవద్దు. నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ‘బాగానే ఉంది కదా’. బ్రోమడయోలోన్ కడుపును మండించదు. శరీరం విటమిన్ కె ని మళ్లీ మళ్లీ వాడుకునే దారిని మూసేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు అప్పటికే ఒంట్లో కొంత నిల్వ ఉంటాయి, అవి అయిపోయేదాకా కుక్క మామూలుగానే తిరుగుతుంది. సాధారణంగా 2 నుంచి 5 రోజుల తర్వాత చిగుళ్లు తెల్లబడటం, ఆయాసం, ముక్కు నుంచి రక్తం మొదలవుతాయి. పైకి ఏమీ కనపడకుండా ఛాతీలోనో పొట్టలోనో రక్తస్రావం కావచ్చు. ఆ దశలో తీసుకొచ్చిన వాటికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. తిన్న రెండు గంటల లోపు వస్తే వాంతి ఇంజెక్షన్‌తోనే చాలా భాగం బయటికి తీయవచ్చు. ఆ రెండు గంటల్లో ఒక గంట మీకు ఇప్పటికే పోయింది.

ఇంట్లో వాంతి చేయించవద్దు. ఉప్పు, చింతపండు, ఆవాలు, సబ్బునీళ్లు, గొంతులో వేలు, ఏదీ వద్దు.

వెన్నెల_కాకినాడ
బయలుదేరుతున్నాం. రాత్రంతా తెరిచి ఉండే ప్రైవేటు ఆస్పత్రి ఒకటి ఉందని స్నేహితురాలు చెప్పింది, ఫోను చేస్తే రమ్మన్నారు. యజమాని ఫోను ఎత్తడం లేదు. దారిలో పాలు గానీ పెరుగు గానీ పట్టించాలా?

పశువైద్యం_గన్నవరం
ఏమీ పెట్టవద్దు. తిన్నది జింక్ ఫాస్ఫైడ్ కాదని ఇంకా తేలలేదు. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుట్టిస్తుంది. తిండి పెడితే ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది, వాయువు కూడా పెరుగుతుంది. కారు అద్దాలు దించి వెళ్లండి. అది కక్కితే ఆ గాలి మీరు కూడా పీల్చకూడదు. వెల్లుల్లి లేదా కుళ్లిన చేపల వాసన వస్తే డాక్టరుకు ముందే చెప్పండి.

సికింద్రాబాద్_శేఖర్
అందరూ కలిసి ఆమెను మరీ భయపెడుతున్నారు. మా కుక్క ఇలాంటి బిళ్లనే రెండేళ్ల కిందట తినేసింది, ఏమీ కాలేదు, ఇప్పటికీ దుక్కలా ఉంది. 100 గ్రాముల బిళ్లల్లో అసలు మందు 5 మిల్లీగ్రాములే ఉంటుంది. రాత్రివేళ ప్రైవేటు ఆస్పత్రికి వెళితే సెలైన్లు పెట్టి బిల్లు వేస్తారు. కాస్త నిదానంగా చూడవచ్చు కదా.

డెల్టా_రైతు
శేఖర్ గారూ, మీ కుక్క బరువెంత?

సికింద్రాబాద్_శేఖర్
జర్మన్ షెపర్డ్, 34 కిలోలు.

డెల్టా_రైతు
మరి ఇది మూడున్నర నెలల పిల్ల. అదే ముక్క దీనికి ఎన్ని రెట్లవుతుందో లెక్క వేయండి. ఆ 5 మిల్లీగ్రాముల మాట నిజమే. వ్యవసాయ శాఖవారు మా గ్రామాల్లో సామూహికంగా ఎలుకలను నివారించేటప్పుడు 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమడయోలోన్ పొడి కలపమంటారు. ఆ పొడిలో మందు 0.25 శాతమే, కలిపాక ఎరలో 0.005 శాతమవుతుంది. అంత కొంచెంతోనే పందికొక్కులు పోతున్నాయి.

పశువైద్యం_గన్నవరం
శేఖర్ గారి కుక్కకు ఏమీ కానందుకు సంతోషం. పెద్ద కుక్క కొద్దిగా తింటే తట్టుకోవచ్చు. కానీ తట్టుకుంటుందా లేదా అన్నది పక్కన కూర్చుని చూసి చెప్పగలిగేది కాదు. రక్తం గడ్డకట్టే సమయాన్ని పరీక్షిస్తేనే తెలుస్తుంది. అది కూడా తిన్న రోజే చేస్తే మామూలుగానే వస్తుంది, 48 నుంచి 72 గంటల తర్వాత చేయాలి. ఖర్చు సంగతంటారా, తొలిరోజు వాంతి ఇంజెక్షన్‌కు అయ్యేదానికీ, అయిదో రోజు రక్తం ఎక్కించడానికి అయ్యేదానికీ పోలికే లేదు.

డాలస్_సుధ
ఇక్కడ అమెరికాలో ఇలాంటి వేళకు జంతువులకు ప్రత్యేకంగా విష సహాయ కేంద్రాలు ఉన్నాయి. ఏఎస్‌పీసీఏ వారిది 888-426-4435, పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్ 855-764-7661. రుసుము తీసుకుంటారు, పగలూ రాత్రీ పలుకుతారు. ఇక్కడి తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఫోనులో దాచుకోండి. మా పిల్ల ఎండుద్రాక్ష తిన్నప్పుడు వాళ్లే బరువు అడిగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంత పట్టించాలో చెప్పారు, వాంతి అయింది. వెన్నెల గారికి కూడా ఆస్పత్రి దూరమైతే అదే మేలు కదా?

మందుల_కొట్టు
సుధ గారూ, నేను మందుల దుకాణం నడుపుతాను, అందుకే ఈ ఒక్క విషయంలో అడ్డుపడుతున్నాను. మీ దగ్గర వాడమన్నది 3 శాతం ద్రావణం. మా కొట్లలో పుండ్లు కడగడానికి అమ్మే సీసా చాలాసార్లు 6 శాతం, సీసా మీద ‘20 వాల్యూమ్’ అని ఉంటుంది. జుట్టుకు రంగు వేసే చోట ఉండేది ఇంకా గాఢం. అదే కొలతతో ఇది పట్టిస్తే గొంతు, కడుపు లోపలి పొర కాలిపోతాయి.

డాలస్_సుధ
ఈ తేడా నాకు తెలియదు. చెప్పినందుకు చాలా థాంక్స్.

పశువైద్యం_గన్నవరం
3 శాతమైనా సరే, ఫోనులో డాక్టరు ఉండి బరువుకు లెక్కకట్టి చెబితేనే. కొన్నిటికి అసలు వాంతి చేయించనే కూడదు. బాత్రూము కడిగే యాసిడ్, కిరోసిన్, పెట్రోలు, సూది, గాజుపెంకు, గడియారం బ్యాటరీ, ఇవి వచ్చే దారిలో మరోసారి గాయం చేస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మగతగా ఉన్నదానికి, మూర్ఛ వస్తున్నదానికి కూడా వద్దు. పగ్ లాంటి చప్పిముక్కు జాతుల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ.

కర్పూరం ముఖ్యంగా గుర్తుంచుకోండి. మన ప్రతి ఇంట్లో ఉంటుంది, హారతి పళ్లెం దగ్గర కింద పడుతుంది, పిల్ల నాకేస్తుంది. నిమిషాల మీద మూర్ఛ తెప్పించగలదు. వాంతి చేయిస్తుండగా మూర్ఛ వస్తే అది కాస్తా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ఓరుగల్లు_వాసి
బీరువాలో వేసే కలరా ఉండలు కూడా అంతే ప్రమాదమా?

పశువైద్యం_గన్నవరం
ప్రమాదమే, దారి వేరు. నాఫ్తలీన్ అయితే ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, రక్తహీనత వస్తుంది. ఒక్క ఉండ కూడా చిన్న పిల్లకు ఎక్కువే. తీసుకురండి.

బాపట్ల_బామ్మ
ఉప్పు సంగతి సరే, అర్థమైంది. చింతపండు ఎందుకు వద్దన్నారు డాక్టరమ్మా? మనిషి తినేదే కదా, రోజూ చారు కాచుకుంటున్నాం.

పశువైద్యం_గన్నవరం
మంచి ప్రశ్న బామ్మగారూ. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతింటాయని చాలాకాలంగా తెలుసు, ఎందుకో మాత్రం తెలియలేదు. 2021లో అమెరికాలోని విష వైద్యులు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని రాశారు. ఆ మరుసటి ఏడాది చింతపండు తిని అలాగే మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా ప్రచురించారు. చింతపండులో పులుపంతా ముఖ్యంగా ఆ ఆమ్లానిదే. మనిషికి ఏమీ కాదు, కుక్క శరీరం దాన్ని మనలాగా బయటికి పంపలేదు. విషం తిన్న కుక్కకు చింతపండు పులుసు పోస్తే ఒకదానికి రెండు విషాలు ఇచ్చినట్టు.

బాపట్ల_బామ్మ
ఇంతకాలం ఎవరూ చెప్పలేదు. మరి మా మనవడు రోజూ చారన్నం కలిపి పెడుతున్నాడు, మానిపించమంటారా?

పశువైద్యం_గన్నవరం
మానిపించండి. చారులో పులుపుతో పాటు వెల్లుల్లి, ఉప్పు కూడా ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్కల ఎర్ర రక్తకణాలకు చేటు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, అన్నం చాలు. ఎముకలు తీసేయమనండి.

వెన్నెల_కాకినాడ
ఆస్పత్రిలో ఉన్నాం. యజమాని చివరికి ఫోటో పంపారు: బ్రోమడయోలోన్ 0.005 శాతం. రెండు బిళ్లలు పెట్టారట, రెండోది ఫ్రిజ్ వెనక చెక్కుచెదరకుండా దొరికింది, అంటే తిన్నది ఒక్కదానిలోదే. పిల్ల బరువు ఏడు కిలోలు. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే పెద్ద వాంతి అయింది. సాయంత్రం పెట్టిన అన్నం మెతుకులు, వాటి మధ్య పచ్చటి మైనం తునకలు. డాక్టరు ఒక్కొక్క తునకా పట్టకారుతో ఏరి కాగితం మీద పెట్టి, మేము తెచ్చిన ముక్క పక్కన పేర్చి చూశారు. చాలావరకు వచ్చేసింది, కొంచెం తక్కువ పడుతోందన్నారు. అందుకని నల్లటి మందు ఏదో సిరంజితో నోట్లో పోశారు. పిల్ల మొహమంతా నలుపే.

ఓరుగల్లు_వాసి
హమ్మయ్య. సున్నుండ ఈ రాత్రికి నువ్వులుండ అయిందన్నమాట.

డెల్టా_రైతు
ఆ నల్లటిది యాక్టివేటెడ్ చార్‌కోల్. కడుపులో మిగిలిన మందును పట్టి ఉంచుతుంది. రేపు విరేచనం నల్లగా వస్తుంది, పచ్చరంగు కూడా కనిపించవచ్చు, కంగారు పడవద్దు.

మేడమీద_తోట
ఇంట్లో పొయ్యి బొగ్గు నూరి పట్టించినా అదే కదా? మా అమ్మమ్మవాళ్లు మాడిన రొట్టె కూడా పెట్టేవారు.

మందుల_కొట్టు
కాదండీ. ఆ బొగ్గును ప్రత్యేకంగా శుద్ధి చేసి లోపల లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలు వచ్చేలా చేస్తారు, మందు అణువులను పట్టుకునేది ఆ రంధ్రాలే. పొయ్యి బొగ్గుకు, మాడిన రొట్టెకు ఆ శక్తి లేదు.

నెల్లూరు_నీలిమ
1962కు ఫోను చేస్తే రాత్రివేళ వస్తారా? మా ఊళ్లో కుక్కలకు వైద్యం చేసే చోటే లేదు.

పశువైద్యం_గన్నవరం
1962 సంచార పశువైద్య సేవ ముఖ్యంగా ఆవులు, గేదెలు, గొర్రెల కోసం పెట్టింది. పగలు ఫోను చేసి అడగడంలో తప్పులేదు. కానీ విషం తిన్న కుక్కపిల్లతో బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. మండల పశువైద్యశాల డాక్టరు నంబరు ముందే రాసిపెట్టుకోండి. మీకు దగ్గరలో తిరుపతి పశువైద్య కళాశాల ఉంది. మా వైపు గన్నవరంలో, హైదరాబాదువాళ్లకు రాజేంద్రనగర్‌లో ఉన్నాయి. ఏ వేళల్లో చూస్తారో పిల్లను ఇంటికి తెచ్చిన వారంలోనే కనుక్కుని పెట్టుకోవాలి.

సికింద్రాబాద్_శేఖర్
వాంతి అయినందుకు సంతోషం వెన్నెల గారూ. ఇంతటితో అయిపోయినట్టేనా?

వెన్నెల_కాకినాడ
లేదు, విటమిన్ కె1 వాడాలట, కొన్ని వారాల పాటు. ఉదయం నుంచి మావారు దాని కోసమే తిరుగుతున్నారు. ఒక దుకాణంలో విటమిన్ కె అని ఇచ్చారు, అట్ట మీద ‘మెనాడియోన్’ అని ఉంది. అదే వాడవచ్చా?

మందుల_కొట్టు
వద్దు, తిరిగి ఇచ్చేయండి. అది కె3. ఈ విషానికి విరుగుడుగా అది పనికిరాదు. మీకు కావలసినది ‘ఫైటోమెనాడియోన్’, అదే కె1. అప్పుడే పుట్టిన పసిపిల్లలకు ఇచ్చే ఇంజెక్షన్ అది, అందుకని ప్రసూతి ఆస్పత్రుల పక్కన ఉన్న మందుల దుకాణాల్లో అడగండి, అక్కడ దొరుకుతుంది. మాత్రలు కావాలంటే పేరు చూపించి తెప్పించమనండి. చాలా దుకాణాల్లో విటమిన్ కె అనగానే ఏది చేతికి దొరికితే అది ఇచ్చేస్తారు. అట్ట మీద చిన్న అక్షరాలు చదవాల్సిందే.

పశువైద్యం_గన్నవరం
ఇది చాలా ముఖ్యం. ఇంజెక్షన్ దొరికినా ఇంట్లో మీరే వేయవద్దు, నరానికి ఇస్తే ప్రాణాంతకమైన ప్రతిచర్య రావచ్చు. నోటితో ఇచ్చేదైతే కొవ్వు ఉన్న తిండితో ఇవ్వండి, అప్పుడే ఒంటికి పడుతుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొనలో పెట్టి ఇవ్వవచ్చు. పిల్ల హుషారుగా ఉందని మధ్యలో మానేయవద్దు. బ్రోమడయోలోన్ కాలేయంలో వారాల తరబడి ఉంటుంది, అందుకే సాధారణంగా మూడు నాలుగు వారాలు ఇస్తాం. చివరి మాత్ర ఇచ్చిన 48 గంటల తర్వాత రక్తం గడ్డకట్టే సమయం పరీక్ష చేయించండి. బాగుంటే అప్పుడు నిశ్చింత. అప్పటిదాకా పరుగులు, దూకుళ్లు, పెద్ద కుక్కలతో కుస్తీలు వద్దు. రోజూ పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూస్తుండండి, గులాబీ రంగులో ఉండాలి.

వెన్నెల_కాకినాడ
ఫైటోమెనాడియోన్ దొరికింది! ప్రసూతి ఆస్పత్రి పక్కనే. మందుల కొట్టు గారూ, మీ రుణం తీర్చుకోలేను. గుడ్డు సొన అనగానే సున్నుండ గిన్నె కూడా నాకేసింది. ఇప్పుడు యజమానితో ఎలా మాట్లాడాలో చెప్పండి. ఎలుకలు ఉన్న మాట నిజమే, మందు పెట్టవద్దంటే ఏమి చేయమంటారని ఆయన అడుగుతున్నారు.

డెల్టా_రైతు
బోను పెట్టమనండి. మందే కావాలంటే, కుక్క మూతి దూరని తాళం పెట్టెల్లో పెట్టాలి. ఏ రోజు ఎక్కడ పెట్టిందీ కాగితం మీద రాసి అద్దెకున్న అందరికీ చెప్పాలి. కుక్కలే కాదు, పాకే పిల్లలు కూడా ఉంటారు. పసుపు భాస్వరం ట్యూబు మాత్రం ఇంటి గడప దాటనివ్వవద్దు. ముందు కాస్త కోలుకున్నట్టు కనిపించి తర్వాత కాలేయం పోతుంది. దానికి విరుగుడు లేదు.

ఇంకొకటి, మందు తిని చచ్చిన ఎలుకను కూడా పిల్ల నోట పెట్టుకోకుండా చూడండి.

నెల్లూరు_నీలిమ
ఎండాకాలం వస్తోంది కాబట్టి ఒక మాట. మా కుక్క మామిడి టెంక మింగింది. అది విషం కాదు కదా అని ఊరుకున్నారు మా చెల్లెలివాళ్లు. తిండి మానేసి, తాగిన నీళ్లు కూడా కక్కడం మొదలుపెడితే ఎక్స్‌రే తీశారు, పేగులో అడ్డం పడి ఉంది. కోసి తీయాల్సి వచ్చింది.

పశువైద్యం_గన్నవరం
మే నెలలో మాకు ఇవి తప్పవు. టెంక, మొక్కజొన్న కండె, సాక్సు, బొమ్మ ముక్క. మింగిన వెంటనే తెస్తే కొన్నిసార్లు ఎండోస్కోపుతోనే తీయవచ్చు. దారం వేలాడుతూ కనిపిస్తే, నోట్లోనైనా వెనకనైనా, లాగవద్దు. పేగును కోసేస్తుంది.

ఓరుగల్లు_వాసి
జ్వరం ఉందని మనుషుల పారాసిటమాల్ మాత్ర వేసేవాళ్లు కూడా ఉన్నారు. మా వీధిలో ఒకాయన ఇబుప్రొఫెన్ వేశారు.

పశువైద్యం_గన్నవరం
రెండూ వద్దు. పారాసిటమాల్ కాలేయాన్ని, ఇబుప్రొఫెన్ కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పిల్లకు నలతగా ఉంటే మీ మందుల డబ్బా తెరవవద్దు, ఫోను చేయండి.

మేడమీద_తోట
మా కుక్కపిల్ల కుండీల్లో మట్టి తవ్వి తింటోంది. కుండీల్లో వేప పిండి, ఆముదం పిండి, ఎముకల పొడి వేస్తాను. సేంద్రియమే కాబట్టి పర్వాలేదా?

పశువైద్యం_గన్నవరం
ఆముదం పిండి వెంటనే ఆపండి. గింజలోని రైసిన్ అనే విషం నూనె తీసిన తర్వాత ఆ పిండిలోనే మిగిలిపోతుంది. వాసనకు కుక్కలు ఎగబడి తింటాయి. కొన్ని గంటల నుంచి రెండు రోజుల లోపు రక్తవిరేచనాలు మొదలవుతాయి, దానికి కూడా విరుగుడు లేదు. ఎముకల పొడి ఎక్కువ తింటే కడుపులో గడ్డకట్టి రాయిలా అవుతుంది. ఇప్పటికే తిని ఉంటే ఈ రోజే చూపించండి, సంచి మీద రాసినది ఫోటో తీసుకుని వెళ్లండి.

మేడమీద_తోట
నిన్న సాయంత్రమే కొత్తగా వేశాను. ఉదయం ఒక కుండీ తవ్వి ఉంది. పిల్లను తీసుకుని రాజేంద్రనగర్ బయలుదేరుతున్నాను.

మందుల_కొట్టు
సంచి ఫోటో మరచిపోకండి.